ఘనంగా లేని పత్రిక

ఆ పొద్దున సుకన్య టీచర్ పెట్టుకున్న పని ఒక్కటే: బడి పత్రికలో నుంచి అబద్ధాన్ని తరిమెయ్యాలి. గాలివానకు బడి వంటగది రేకులు ఎగిరిపోయాయి. చినుకు పడితే చాలు, పిల్లల పప్పులో వాన నీళ్లే. అర్జీలు పెట్టి పెట్టి చేతులు నొచ్చాయి గానీ ఒక్కడూ పలకలేదు. ఇక పత్రిక వేసి ఊరివాళ్లకే నేరుగా చెప్పాలి, ఇంటింటికీ పంచాలి!

ఎడపల్లి అవతల, చెరుకు తోటల నడుమ ఉన్న సర్కారు బడి అది. స్టాఫ్‌రూం బల్ల మీద నిజామాబాద్, బోధన్ ప్రైవేటు బళ్ల పత్రికలన్నీ పరిచి, హెడ్మాస్టర్ ఆత్మారాం సార్‌ను ఎదురుగా కూర్చోబెట్టి పోస్టుమార్టం మొదలుపెట్టింది.

"సూడుండ్రి సార్. పైన చైర్మన్ ఫోటో. కింద చైర్మన్ భార్య ఫోటో. లోపల చైర్మన్ మొక్క నాటుతున్నడు. పిల్లలు యాడున్నరు? గీ మూలకు, ఆవగింజలంత!"

"పత్రికంటే గట్లనే ఉంటది కద మేడం."

"ఇగ భాష సూడుండ్రి. ఘనంగా బతుకమ్మ. ఘనంగా సైన్స్ ఫెయిర్. ఘనంగా కండ్ల పరీక్ష. కండ్ల పరీక్ష ఘనంగా ఎట్ల చేస్తరు సార్, బ్యాండు పెట్టా?"

ఆత్మారాం సార్ నవ్వబోయి, ఎందుకైనా మంచిదని మానుకున్నాడు.

"మన పత్రికల ఘనంగా ఉండద్దు. చైర్మన్ ఉండద్దు. బడిల ఎక్కువ పని ఎవరు చేస్తరో వాళ్ల ఫోటోనే పైన!" అంది సుకన్య.

ఎక్కువ పని చేసేది వంట చేసే గంగుబాయి. అందులో వాదనే లేదు. కెమెరా ముందు నిలబెడితే చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె రెండూ జోడించింది. పక్కన ఆమె పప్పు కలిపే గంటె బొమ్మ పిల్లలు గీశారు. కింద సుకన్య పొట్టి పొట్టి మాటల్లో రాసింది: గంగుబాయి ఏం చేసింది, గంగుబాయికి ఏం కావాలి. కావాల్సింది పైకప్పు.

బోధన్‌లో ప్రెస్సు నడిపే సురేందర్‌కు ఫోన్ చేసి, "ఆ బడి డిజైన్ మాత్రం పెట్టకు తమ్మీ" అని గట్టిగా చెప్పింది. సురేందర్ కంప్యూటర్‌లో బడికొకటి, పెండ్లికొకటి, ఎలక్షన్‌కొకటి డిజైన్లున్నాయి. బడిది వద్దన్నారు. పెండ్లి లేదు. మిగిలింది ఏదో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గంగుబాయి పేజీ నిండా దండం పెట్టింది. గంటె గుండ్రటి గీతలో మెరిసింది. బడి పేరు అడుగున చీమలంత అక్షరాల్లో నక్కింది.

పత్రిక కట్టలు రాగానే పిల్లలు కేకలేసుకుంటూ ఊరి మీద పడ్డారు. అచ్చు ఎలా వచ్చిందో చూసే ఓపిక సుకన్యకూ లేదు. పంచేసింది!

పంచాయతీ ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి. సర్పంచ్ పదవి ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. మాజీ సర్పంచ్ రాజారాం పటేల్ తన భార్య రేణుకమ్మ ఏకగ్రీవం అని ముందే తీర్మానించి, లడ్డూలకు కూడా చెప్పి పెట్టాడు.

ముందు బీడీలు చుట్టే ఆడవాళ్లు గుంపుగా వచ్చి పొయ్యి దగ్గరే గంగుబాయికి బొట్టు పెట్టారు.

"గింత మంచి ముచ్చట మాకు చెప్పకపోతివేందే గంగూ! ఓట్లన్నీ నీకే!"

"ఏం ముచ్చటనే? పప్పు అడుగంటుతది, జరుగుండ్రి!"

వెనకాలే రాజారాం బండి దిగాడు, చేతిలో పత్రిక ఊపుతూ.

"మేడం! నామినేషన్లే పడలే, గుర్తు యాడికెల్లి వచ్చింది? ఈమె ఎనుక ఎంత పెద్దోళ్లున్నరు?"

"అది గుర్తు కాదు పటేలా, గంటె! ఇది బడి పత్రిక!"

"నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా? నా మనుమడు బోధన్‌ల చదువుతడు, బడి పత్రిక నాకు తెల్వదా? చైర్మన్ ఫోటో ఏది? ఘనంగా అని ఒక్కటన్న ఉన్నదా?"

సుకన్య అతని చేతిలో పత్రిక లాక్కుని చూసింది. ఆనాడు హెడ్మాస్టర్‌కు తను చెప్పిన పాఠమే ఇది!

ఆత్మారాం సార్ గోడకు ఆనుకున్నాడు. "అయిపోయింది మేడం. సర్కారు జీతం తినుకుంట ప్రచారం చేసినమని సస్పెండ్ చేస్తరు."

రాజారాం కోపంగానే వెళ్లాడు. కానీ పొద్దు వాలకముందే ట్రాక్టర్ నిండా కొత్త రేకులతో తిరిగొచ్చాడు.

"పైకప్పు కావాలన్నరు కద, ఇగో. ఇగ గంగుబాయి నిలబడద్దు."

"ఆమె నిలబడతనే లేదు పటేలా!"

"గట్లనే అనుండ్రి" అని కన్నుగీటాడు. "గా ముచ్చటనే ఇంకో పత్రిక ఏసి ఊరికి చెప్పుండ్రి, చాలు."

రేకులు ఎక్కుతుంటే పిల్లలు ఈలలు వేశారు. సుకన్య చిన్నపిల్లలా ఎగిరింది. ఆ రేకుల కోసమే పళ్లు కొరుక్కుంటూ రెండో సంచిక రాసింది. పైన రాజారాం, కింద రేణుకమ్మ, మధ్యలో 'ఘనంగా వంటగది పైకప్పు ప్రారంభం'. గంగుబాయి పోటీలో లేదన్న మాట ఎక్కడో చివరన పడింది. సురేందర్ ఈసారి అడక్కుండానే బడి డిజైన్ పెట్టాడు. "ఇప్పుడు పత్రిక లెక్క ఉన్నది" అని ఆత్మారాం సార్ ఊపిరి పీల్చుకున్నాడు. ఊళ్లో దాన్ని ఒక్కరూ చదవలేదు. అందులో మిర్చి బజ్జీలు మాత్రం కట్టుకున్నారు.

నామినేషన్ల రోజు గంగుబాయి పండుగ చీరలో బడికి వచ్చింది.

"మేడం, నా ఫోటో ఉన్నదా? కాగితం మీద అంటియ్యాల్నట."

"ఏం కాగితం?"

"నామినేషన్. ఊరంత నిలబడుమంటున్నది."

"పటేల్‌కు ఏం చెప్పాలె గంగూ! రేకులిచ్చిండు కద!"

"రేకులిచ్చింది పిల్లలకు. నిలబడతవా అని నన్ను అడిగిండా?"

సుకన్య ఆలోచించింది. నిజమే, అడగలేదు. మొదటి పత్రికకు తను కూడా ఒక్క మాట అడగలేదు.

"మరి ఇయ్యాల వంట?"

గంగుబాయి గంటెను సుకన్య చేతిలో పెట్టి, బీడీల ఆడవాళ్ల గుంపులో కలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం కొత్త రేకుల కింద పప్పు సుకన్య వండింది. ఘనంగా మాడింది.