ప్రశంసాపత్రాల పైకప్పు

బర్మా సరిహద్దున పారే మోయీ నదికి ఇవతల, థాయ్ గడ్డ మీద వెలసిన తాత్కాలిక ఆశ్రయ శిబిరానికి నలభై ఏళ్ళు నిండాయి. ఈ శుభసందర్భంగా, శిబిరంలోని ఇళ్ళన్నీ ఇకముందు కూడా తాత్కాలికంగానే ఉండాలని అధికారులు సగౌరవంగా ప్రకటించారు. వెదురు వాడవచ్చు, టేకాకులు కప్పవచ్చు. రేకు, సిమెంటు మాత్రం కూడదు. ఇల్లు గట్టిగా ఉంటే, బర్మాలో యుద్ధానికి వెరచి నది దాటి వచ్చిన కరెన్ జనం సొంత ఊళ్ళు మరిచిపోతారని వారి బెంగ.

లాసే అవ్వ పెళ్ళయిన కొత్తలో నది దాటి వచ్చింది. కూతురు ఇక్కడే పుట్టింది, మనవరాలు సెర్‌మూ కూడా ఇక్కడే పుట్టింది. ఆ విధంగా మూడు తరాలు తాత్కాలికంగా కాపురం చేస్తున్నాయి. కూతురు దొంగచాటుగా కంచె దాటి మొక్కజొన్న చేలకు కూలికి వెళ్ళి ఏ పదిహేను రోజులకో వస్తుంది. ఆరు నెలల పసిదాన్ని అవ్వే సాకుతోంది. పసిదానికి నెమ్ము చేసింది. వానాకాలం గడిచేదాకా తడి తగలనివ్వొద్దని, తగిలితే దక్కడం కష్టమని ఆస్పత్రి నర్సు మరీ మరీ చెప్పి పంపింది.

ఆ ఏడు ఇంటి కప్పులకు దాతలు పంపే ఆకుకట్టలు సగమే వచ్చాయి. శిక్షణలకు మాత్రం లోటు లేదు. ఆకు ఏడాదికే కుళ్ళిపోతుందనీ, జ్ఞానం కుళ్ళదనీ దాతలు కనిపెట్టారు. అందుచేత సరిహద్దు సాధికార సమితి వారు చేతులు కడుక్కోవడంలో ఎనిమిదో విడత శిక్షణ నిర్వహించి, వచ్చినవారందరికీ లామినేషన్ చేసిన ప్రశంసాపత్రాలు పంచారు.

పత్రం మీద ఏం రాసి ఉందో లాసేకు తెలియదు. దారిలో జల్లు పట్టుకుంటే దాన్ని నెత్తిన పెట్టుకుంది. నెత్తి తడవలేదు. ఇన్నేళ్ళ శిక్షణలో ఆమెకు కలిగిన మొదటి లాభం అదే. ఇంటికి రాగానే దాన్ని ఉయ్యాలకు సరిగ్గా పైన, ఆకుల సందులో దోపింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ శిక్షణ హాలుకు వెళ్ళింది.

శిక్షకుడు వాకూ కూడా ఆ శిబిరంవాడే. "అవ్వా, ఇది నిన్ననే నేర్చుకున్నావుగా?" అన్నాడు.

"నేర్చుకున్నా నాయనా. చేతులు మళ్ళీ మురికైపోయాయి." వక్క ఓ పక్కకు నొక్కిపెట్టి, గొంతు తగ్గించి అడిగింది, "ఇంతకంటే పెద్ద కాయితం ఇచ్చేది ఏదన్నా ఉందా?"

"నాయకత్వానిది పెద్దది. ఐదు రోజులు కూర్చోవాలి మరి."

"కూర్చుంటాలే. నాయకురాలినే అవుతాను."

అయింది. తర్వాత తగాదాలు తీర్చడం నేర్చుకుంది. కంచె దాటితే పట్టుకునే చోట చిన్న వ్యాపారం పెట్టడం ఎలాగో నేర్చుకుంది. ఇరవై మూడు పత్రాలయ్యేసరికి ఉయ్యాల మీద చుక్క పడటం ఆగింది. పసిదాని దగ్గు తగ్గింది. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? శిక్షణకు జనం విరగబడ్డారు.

శరణార్థుల్లో జ్ఞానతృష్ణ పెల్లుబికిందని విని, సమితి డైరెక్టరుగారు రాజధాని నుంచి స్వయంగా దయచేశారు. లాసే ఇంటి ముందు నిలబడి పైకి చూసి గద్గదస్వరంతో ఉపన్యసించారు: "సోదరీమణులారా! పత్రాలను గోడకు తగిలించుకునేవారిని ఎందరినో చూశాను. విద్యను ఇలా తలపై పెట్టుకున్న తల్లిని నేడే చూస్తున్నాను." ఆ పైకప్పు ఫొటో వార్షిక నివేదికకు ముఖచిత్రమైంది.

ఆ నివేదికను శిబిరాధికారి కూడా చూశారు. ఆయన న్యాయంగా ఆలోచించే మనిషి. ప్లాస్టిక్ వందల ఏళ్ళు చెడదు, చెడనిది శాశ్వతం, శాశ్వతం నిషిద్ధం. సమితి వారు ఎంతో నొచ్చుకుని, క్షమాపణ చెప్పుకుని, లాసేకు ఇచ్చిన ఇరవై మూడు పత్రాలనూ తామే మనుషులను పెట్టి జాగ్రత్తగా పీకించారు. ఇకమీదట పర్యావరణ హితం కోరి, నీళ్ళు తగిలితే కరిగిపోయే కాగితం మీదే ముద్రించాలని తీర్మానించారు.

అంతటితో జనం శిక్షణలకు రావడం మానేశారు. శరణార్థులకు సోమరితనం అలవాటైందని నివేదికలో రాశారు.

లాసే మాత్రం మానలేదు. సెర్‌మూకు దగ్గు తిరగబెట్టింది. శిక్షణ హాలుకేమో రేకుల కప్పు ఉంది. శిక్షణ శాశ్వత అవసరం కనుక దానికి అనుమతి ఉంది. పొద్దున్నే పసిదాన్ని వీపుకు కట్టుకుని వచ్చి, ముందు వరుసలో కూర్చునేది. లోపలున్న ప్రతి మనిషి పేరూ రాయాలన్నది నియమం. వాకూ పసిదాని పేరు కూడా హాజరుపట్టీలో ఎక్కించాడు. యువత భాగస్వామ్యం ఆ నెల గణనీయంగా పెరిగింది.

ఒకనాడు తనిఖీకి వచ్చినావిడ లాసేను ఆప్యాయంగా అడిగింది, "ఇన్ని శిక్షణల్లో ఏం నేర్చుకున్నారమ్మా?"

"తల ఊపడం తల్లీ," అంది లాసే. "మధ్యమధ్య ఇలా ఊపుతూ ఉంటే బయటికి పొమ్మనరు."

చురుకైన భాగస్వామ్యం అని ఆవిడ రాసుకుంది.

నాలుగింటికి హాలు మూసేశారు. వాన కుండపోతగా పడుతోంది. లాసే తన పైబట్ట కూడా విప్పి పసిదానికి చుట్టి, గుండెకు హత్తుకుని, కారే ఇంటి వైపు నడిచింది. ఆమెను చూస్తే కడుపు తరుక్కుపోతుంది, కానీ తరుక్కుపోయిన కడుపులకు నివేదికలో గడి లేదు.

పాఠకులకు మాత్రం ఉంది. పొడి ఇంట్లో కూర్చుని, ఇంతదాకా తల ఊపుతూ చదివారు కాబట్టి, మీ పేర్లు కూడా హాజరుపట్టీలో ఎక్కించాం.