కవరు మీద అన్న

"ఆత్మకూరు ఇకనుంచి మోకాళ్ల నొప్పి లేని మండలం!"

బస్టాండు దగ్గర ఉచిత వైద్య శిబిరంలో మా పార్టీ ఇన్‌చార్జి రాఘవేందరన్న ఈ చారిత్రక ప్రకటన చేస్తున్నప్పుడు లైవ్ తీసింది నేనే! హైదరాబాద్‌లో డిజిటల్ మార్కెటింగ్ చదివినందుకు ఇంతటి విజనరీ దగ్గర సోషల్ మీడియా పని దొరికింది.

బీపీకి, షుగర్‌కి, మోకాళ్లకి ఫ్రీ గోలీలు. అయితే కంపెనీ స్ట్రిప్పుల మీద అన్న ఫోటో లేదు. ఎంత అన్యాయం! అందుకే గోలీలన్నీ ఒలిచి, అన్న నవ్వుతున్న కవర్లలో పోయించాం. బ్రాండింగ్ అదిరిపోయింది.

నెల తిరిగేసరికి వెంకటమ్మ అనే ముసలామెకు జ్వరం. ఒళ్లంతా దద్దుర్లు, మొహం వాచిపోయింది, కళ్లు పచ్చబడ్డాయి. వనపర్తి దవాఖానలో చేర్చారు. వెంటనే అన్న, పండ్లబుట్ట, నేను బయలుదేరాం.

డాక్టర్ ఉమ మంచం పక్కనే ఉంది. "ఏదో మందు పడలే. లివర్, కిడ్నీ రెండూ దెబ్బతిన్నయి. ఏం గోలీలు మింగినవమ్మా?"

"గీ సారు గోలీలే బిడ్డా." వెంకటమ్మ మూడు కవర్లు చూపించింది. మూడింటి మీదా అన్నే.

"పేరేంది?"

"రాఘవేందర్," అన్నాడు అన్న వినయంగా.

"గోలి పేరండీ! ఏది పడలేదో తెలిస్తే అది ఆపి మిగతావి నడిపిస్త. మళ్లీ అదే లోపలికి పోతే ఈమె దక్కదు!"

"ప్రజల నమ్మకానికి పేరుండది మేడం."

ఏం డైలాగ్! వార్డులో చప్పట్లు మాత్రం పడలేదు. పాపం, అందరి చేతులకూ సెలైన్లు.

అప్పుడే నాకు ఐడియా తట్టింది. "అన్నా, మూడూ లైవ్‌లో మింగెయ్! అపోజిషన్ నోరు మూతపడ్తది!" లైవ్ ఆన్ చేసి, గోలీలు అన్న అరచేతిలో పోశాను.

అన్న వాటిని చూశాడు. గీత ఉన్న గోలిని చిటికెనవేలితో పక్కకు నెట్టాడు.

"గిది వద్దురా! అల్లోప్యూరినాల్ గిది, మోకాళ్ల గోలి. నాకు పడది. పోయినేడు గిదే మింగితే లివరు, కిడ్నీ అన్నీ ఖరాబై హైదరాబాద్‌ల ఐసీయూల పండిన!"

డాక్టరమ్మ ఆ పేరు గబగబా కేసుషీటు మీద రాసింది. ఒక్క మాటతో ప్రాణం నిలబెట్టిన నాయకుణ్ని ఎక్కడైనా చూశారా?

వెంకటమ్మ మెల్లగా తల తిప్పింది. "సారూ... మా ఊరంత మింగుతుండ్రు గదా?"

అన్న నా వైపు చూశాడు. "లైవ్ ఆపు."

ఆపేశాను. అన్న ఆరోగ్య విషయాల్లో ప్రైవసీ పాటించడం మా టీమ్ పాలసీ.