దుంగ వంతెనకు రెయిలింగు

ఇకమీదట ఫిజీ కాలనీలో వయసు మళ్లిన కూలీలెవరూ కింద పడకూడదని సువాలోని ప్రభుత్వం వారు తీర్మానించారు. ఇంత దయగల తీర్మానం ఏ సర్కారూ చేసి ఉండదు. దాన్ని అమలు చెయ్యడానికి విట్‌కూంబ్ సాహెబనే పెద్ద డాక్టరుగారిని ఓడెక్కించి వాయినికోరో చెరకు తోటకి పంపించారు.

దీనికంతటికీ మూలం కుంతి. కూలీలుండే లైన్ల ఇళ్లకీ చెరకు తోటకీ మధ్య ఒక వాగు, వాగు మీద ఒక దుంగ. వానలు పడితే దుంగ పాచిపట్టి జారుతుంది. కుంతి మొగుడు దొరస్వామి దాని మీంచి పడి, వాగులో చాలాదూరం కొట్టుకుపోయి, ఎలాగో బతికి బయటపడ్డాడు. అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం కుంతే అతని చెయ్యి పట్టుకుని దాటిస్తోంది. పట్టుకోడానికి ఒక వెదురు కట్టించమని కనపడిన ప్రతి తెల్లాయనకీ దణ్ణం పెట్టి అడిగింది. వాగు ఒడ్డునే వెదురు పొదలున్నాయి. అయితే వెదురు నరికి కట్టడం ఎవడైనా చేస్తాడు. ప్రభుత్వం కాబట్టి శాస్త్రీయంగా ఆలోచించింది.

సాహెబు గుర్రం మీద వాగు దాటి వచ్చాడు. లైన్ల ముందు ముసలివాళ్లని వరసగా నిలబెట్టారు. గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం ప్రకారం కుంతి ముసలిది కాదు. ఇండియాలో ఓడెక్కించిన ఏజెంటు ఆమె వయసులో పదిహేనేళ్లు మింగేశాడు. ఆమె మోకాళ్లు మాత్రం ఆ కాగితం చూడలేదు కాబట్టి తనూ వరసలో నిలబడింది.

"సునో!" అని కూలీల మీద సర్దారు శివ ప్రసాద్ తనకొచ్చిన తెలుగులో కేకేశాడు. "సాహెబు బేలెన్సు టెస్టు తీసుకుంటాడు. ముందు తానే చేసి చూపిస్తాడు. సబ్ దేఖో!"

సాహెబు టోపీ తీసి, చేతులు గుండెల మీద కట్టుకుని, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు.

ముసలివాళ్ల మనసులు కరిగిపోయాయి. తప్పు చేసి దేవుడి ముందు చెంపలేసుకునేవాడు తప్ప ఇంకెవడు అలా నిలబడతాడు? వెదురు కట్టించనందుకు పాపం అంతదూరం నుంచి వచ్చాడు. కుంతి కొంగుతో కళ్లొత్తుకుంది.

"పోన్లే నాయినా, కాలు దింపీ. తప్పొప్పుకున్నావు, అదే సాలు."

"ఏమంటోంది?" అన్నాడు సాహెబు.

"టెస్టు బాగా అర్థమైందంటోంది, సార్" అన్నాడు శివ ప్రసాద్.

తర్వాత వాళ్ల వంతు వచ్చింది. దొరస్వామి కుర్రతనమంతా కర్ర పట్టుకుని గొర్రెలు కాసినవాడు. ఒంటికాలి మీద నిలబడటమంటే అతనికి నడుం వాల్చడమే. కళ్లు మూసుకోమన్నారు గనక మూసుకున్నాడు, కాసేపటికి గురక కూడా పెట్టాడు. సాహెబు "ఎక్సలెంట్!" అన్నాడు. పక్కనున్న కుంతి ఆ గురక విని నవ్వాపుకోలేక కాలు కిందపెట్టేసింది. సాహెబు "హై రిస్క్!" అన్నాడు.

వెంటనే తీర్పు చెప్పేశాడు. పాసైనవాళ్లు పడరు కాబట్టి వాళ్లకి రెయిలింగు అక్కర్లేదు. ఫెయిలైనవాళ్లు రేపట్నుంచి వంతెన ఎక్కకూడదు కాబట్టి వాళ్లకీ అక్కర్లేదు. ఇంత పొదుపైన శాస్త్రం ఉందని కుంతికి అంతవరకు తెలీదు.

"నానెక్కకపోతే మా మావ సెయ్యెవరు పడతారు?" అంది కుంతి.

"నీ ఆద్మీ పాస్! అతనికి చెయ్యి వద్దు" అన్నాడు శివ ప్రసాద్.

ఈలోగా కొండ మీద వాన కురిసి వాగు పొంగింది. గుర్రం నీళ్లలో దిగనని మొండికేసింది. అవతల ఓడ సాహెబు కోసం ఆగదు. ఆయన బూట్లతో దుంగ ఎక్కి, నాలుగడుగులు వేసి, నడిమధ్య బిగుసుకుపోయాడు.

"కుంతీ, జల్దీ!" అని శివ ప్రసాద్ అరిచాడు.

"నన్నెక్కొద్దన్నారు కదా బాబూ?"

"అది రేపట్నుంచి!"

కుంతి కొంగు బిగించి, వట్టికాళ్లతో దుంగ మీద చకచకా నడిచి వెళ్లి చెయ్యందించింది. సాహెబు దాన్ని రెండు చేతులతోనూ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అవతలి గట్టు చేరాక కూడా కాసేపటిదాకా వదల్లేదు.

మర్నాటి నుంచి దొరస్వామి ఒక్కడే, దుంగ మీద కూచుని పాకుతూ దాటేవాడు. గట్టు మీద నిలబడి చూస్తున్న కుంతి చెయ్యి దానంతటదే ముందుకు చాచుకునేది.

నెల తిరిగేసరికి సువా నుంచి ఆర్డరు దిగింది. తోట ఓవర్సీరు దాన్ని చదివి, వంతెన చుట్టూ తిరిగి, కింద కూడా వంగి చూసి, తల గోక్కున్నాడు. వంతెనకి గట్టి రెయిలింగు ఉన్నదట, సాహెబు స్వయంగా పట్టుకుని చూశారట. కొత్తది అనవసరం, ఉన్నదాన్ని అక్కణ్ణుంచి కదల్చరాదు. శివ ప్రసాద్ కుంతికేసి చూపించి ఓవర్సీరు చెవిలో ఏదో చెప్పాడు.

ఆ రోజు నుంచి చెరకు పని పట్టీలోంచి కుంతి పేరు తీసేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంతెన దగ్గరే ఆమె పని. పాసైనవాళ్లందరూ ఆమె చెయ్యి పట్టుకునే దాటుతున్నారు. కుంతి ఒళ్లు కాస్త తేరుకుంది, పాటలు కూడా పాడుతోంది. వాయినికోరోలో ఎవరూ పడటంలేదు. ప్రభుత్వం మాట నిలబెట్టుకుంది.

ఒకరోజు ఆమె దొరస్వామిని దాటిస్తుండగా శివ ప్రసాద్ తారు డబ్బా, బ్రష్షు పట్టుకుని వచ్చాడు. తోట కంపెనీ రెయిలింగులన్నిటికీ వానాకాలం ముందు తారు పూయాలని రూలు. అతను కుంతిని పైనుంచి కిందిదాకా చూసి, బ్రష్షు డబ్బాలో ముంచాడు.

"ఎక్కడ మొదలెట్టాలి?"

"ఆగు బాబూ" అంది కుంతి. "ముందు మా మావని దాటనీ."