ధ్రువపు మంచు కరిగితే మేడ్చల్‌కు మేలే!

అయ్యలారా, అమ్మలారా! ఆర్కిటిక్‌లో మంచు కరగడం మన మేడ్చల్‌వాళ్లకు దక్కిన వరం. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

ఆ సైంటిస్టుల అవస్థ చూడండి. ఏళ్ల తరబడి చలిలో వణుకుతూ, మంచుగడ్డలకు రంధ్రాలు పెట్టి, శాటిలైట్ ఫొటోలు పక్కపక్కన పెట్టి, ముందు మార్పు వచ్చిందో లేదో తేల్చాలి. ఆ తర్వాత ఎందుకు వచ్చిందో రుజువు చెయ్యాలి. పాపం, ఎంత చాకిరీ! మన దగ్గర ఆ బాధే లేదు. కారణం ముందే రెడీగా ఉంటుంది.

కరెంటు పోయిందా? ఆర్కిటిక్! కొత్త రోడ్డు కొట్టుకుపోయిందా? ఆర్కిటిక్! శామీర్‌పేట బస్సు రాలేదా? అక్కడ ఏ తెల్ల ఎలుగుబంటో కాలు జారి ఉంటుంది! ఇంతకుముందు ఇవన్నీ పాపం కాంట్రాక్టర్ల మెడకు చుట్టుకునేవి. ఇప్పుడు వాళ్లూ మనతోపాటు భూగోళం గురించి బెంగ పెట్టుకుంటున్నారు.

మొన్న ఆదివారం మా ఊరి హేమచంద్ గారు తన ఫంక్షన్ హాల్లోనే వాతావరణంపై అవగాహన సదస్సు పెట్టించారు. ఆర్కిటిక్‌లో తగ్గిన చలంతా ఆ ఏసీ హాల్లోనే దొరికింది. ముఖ్య అతిథిగా వచ్చిన మున్సిపల్ ఆఫీసరు గారికి కప్పిన శాలువా మొదటిసారి నిజంగా పనికొచ్చింది. ఆయన తెర మీద బొమ్మలు చూపిస్తూ మంచు ఎంత తగ్గిందో, మన పొగకూ దానికీ ఏమిటి సంబంధమో విడమరిచి చెప్పారు. అందులో ఒక్క మాట తప్పు లేదు.

అప్పుడు హాలు వెనక గల్లీలో ఉండే సుక్కమ్మ లేచింది. వాన పడితే చాలు, ఆమె ఇంట్లోకి మోకాళ్ల లోతు నీళ్లు వస్తాయి.

"సారూ, గా ఐసు సంగతి మస్తు జెప్పిండ్రు. గీ హాలేమో వాన నీళ్లు వొయ్యే నాలా మీదనే కట్టిండ్రు. ఇగ నీళ్లు ఎటు వోవాలె? మా ఇండ్లల్లకే వస్తున్నయ్. గిది గా ఫొటోలల్ల కనవడదా?"

హేమచంద్ గారు ఏసీ కాస్త పెంచమన్నారు. ఆఫీసరు గారు ఓపిగ్గా నవ్వారు.

"అది లోకల్ ఇష్యూ అమ్మా! మనం గ్లోబల్‌గా మాట్లాడుకుంటున్నాం."

కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఇంతలో బయట ఉరిమి, వాన దంచడం మొదలుపెట్టింది. "చూశారా, చెప్పానా!" అన్నారు ఆఫీసరు గారు హుషారుగా.

మేం బిర్యానీ ప్లేట్ల కోసం లైన్లో నిలబడ్డాం. సుక్కమ్మ బియ్యం బస్తాను మంచం మీదికి ఎత్తుకోవడానికి ఇంటికి పరుగెత్తింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆర్కిటిక్ మీదే లెండి!