చివరి పేజీలు లేని నవల

మా ఊరి జైల్లో గ్రంథాలయం ప్రారంభమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. జైలు నిబంధనల ప్రకారం కత్తెర లోపలికి రానివ్వరు గనుక మంత్రిగారు రిబ్బన్‌ను పళ్లతో కొరికి తెంపారు. ఆ సాహసానికి ఖైదీలు సైతం చప్పట్లు కొట్టారు.

"పుస్తకం మనిషిని మార్చేస్తుంది!" అని ఆయన ఉపన్యసించారు. "అందుకే నేను ఒక్కటీ ముట్టుకోలేదు. మారాల్సింది మీరు!"

భద్రత దగ్గర సూపరింటెండెంటుగారు రాజీపడే మనిషి కాదు. నవలల్లో చివరికి ఎవరో ఒకరు కష్టాల నుంచి గట్టెక్కుతున్నారనీ, దీనివల్ల ఖైదీలకు లేనిపోని ఆశలు పుడతాయనీ ఆయన కనిపెట్టారు. ప్రతి నవలకూ చివరి పేజీలు చింపించారు. ఈ దూరదృష్టికి ఆయనకు పతకం కూడా వచ్చింది.

ఖైదీల్లో ఒక దర్జీ ఉండేవాడు. కూతురు చూడటానికి వస్తే ఊచలకు అటొకరు, ఇటొకరు నిలబడి ఏడవడం తప్ప వాళ్లకు వేరే మాట ఉండేది కాదు. అలాంటిది, గ్రంథాలయం వచ్చాక దర్జీ ఒక నవల పట్టుకున్నాడు. తప్పిపోయిన కూతుర్ని వెతుక్కుంటూ పోయే పడవవాడి కథ. కూతురు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం చెప్పేవాడు. ఏడుపులు ఆగిపోయాయి. టైమైందని అరవాల్సిన కాపలావాళ్లు నోళ్లు తెరుచుకుని వినసాగారు. క్రమశిక్షణ ఆ విధంగా మంటగలిసింది.

"ఆ పిల్ల దొరికిందా నాన్నా?" అని ఒకనాడు కూతురు అడిగింది.

"ఆ పేజీలు చింపేశారమ్మా."

"పోనీ, నువ్వే ఏదో ఒకటి చెప్పు."

"నీకు అబద్ధం చెప్పనమ్మా. బయటికొచ్చాక చదివి చెప్తా."

అబద్ధమాడని మనిషి జైల్లోకి ఎలా వచ్చాడో న్యాయశాస్త్రమే చెప్పాలి.

విడుదలైన రోజున అతడు కూతురి చెయ్యి పట్టుకుని తిన్నగా మా ఊరి గ్రంథాలయానికి వచ్చాడు. దాని తలుపులు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటాయి, ఎవరైనా వస్తారన్న భయం లేదు గనుక. లైబ్రేరియన్ ఉలిక్కిపడి లేచి, "బాత్రూము పక్క సందులో బాబూ" అన్నాడు. పుస్తకం కావాలంటే నమ్మలేదు. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని అడిగితే దర్జీ నిజమే చెప్పాడు.

నవల దొరికింది. చివరి పేజీలు భద్రంగా ఉన్నాయి. కాకపోతే, అచ్చాఫీసువాళ్లు అంచులు కొయ్యడం మరిచిపోయిన ఆ కాగితాలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. దర్జీ కత్తెర అడిగాడు. జైలు నుంచి వచ్చినవాడికి కత్తెరా? లైబ్రేరియన్ సొరుగుకు తాళం వేసుకున్నాడు.

దర్జీ బొటనవేలి గోటితో, కుట్టు విప్పినంత మెల్లగా ఆ అంచులు విప్పాడు. తండ్రీకూతుళ్లు తలలు ఆనించి చదువుకున్నారు. ముగించాక ఆ పిల్ల తండ్రి మెడ కావలించుకుని బావురుమంది.

అది సంతోషమో, దుఃఖమో మాకు తెలియదు. తెలియాలంటే ఆ పుస్తకం చదవాలి. అంత శిక్ష పడటానికి మేమేం నేరం చేశామండీ?