కారు మునిగింది, వరద రాలేదు

ఊళ్లోకి వరద రాలేదని అధికారులు వారం రోజుల్లో మూడుసార్లు ప్రకటించారు. ప్రజలకు దగ్గరగా ఉండాలన్న సదుద్దేశంతో మూడో ప్రకటనను పడవలో తిరుగుతూ మైకులో చదివారు. మేడల మీద నిలబడ్డ జనం అది విని ఊపిరి పీల్చుకున్నారు.

పీల్చుకోలేకపోయింది డ్రైవింగ్ మాస్టారి కారొక్కటే. అప్పటికి మూడు రోజులుగా అది స్టీరింగు దాకా నీళ్లలో ఉంది. మాస్టారి బతుకంతా ఆ కారే. పక్కసీట్లో ఆయన కాలి కింద ఇంకో బ్రేకు, వెనకద్దం మీద "నేర్చుకుంటున్నాను, దయ ఉంచండి" అన్న అట్ట. సగం ఊరు గేరు మార్చడం అందులోనే నేర్చుకుంది. నీళ్లు తీశాక తలుపు తెరిస్తే బోలెడు బురద, ఒక చెప్పు బయటికొచ్చాయి. చెప్పు మాస్టారిది కాదు.

మెకానిక్కు బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు. "ఇంజను విప్పాలి, వైరింగు మొత్తం పీకాలి, సీట్లు మార్చాలి. బీమా వస్తే కారు బతుకుతుంది మాస్టారూ. లేదంటే ఆశ వదులుకోండి."

బీమా ఆఫీసరు ఎంతో మర్యాదస్తుడు. కుర్చీ వేసి మరీ చెప్పాడు. "మా పాలసీలో వరద ఉందండీ. నీళ్లు లేవు."

"వరదంటే నీళ్లే కదండీ?"

"అది మీ సొంత అభిప్రాయం. పురపాలక కార్యాలయం వాళ్లు కాగితం మీద 'వరద' అని రాసిస్తే చాలు. మూడే అక్షరాలు."

పురపాలక ఇంజనీరు ఆ మూడక్షరాలు వినగానే నొచ్చుకున్నాడు. "కిందటేడే కదండీ కాలవలు బాగుచేసి వరదను శాశ్వతంగా నిర్మూలించాం! లేనిదాన్ని వచ్చిందని ఎలా రాయను?" అన్నాడు. అయినా దయగల మనిషి కాబట్టి ఉత్త చేతులతో పంపలేదు. "సదరు వీధి తాత్కాలిక జలసమృద్ధికి లోనైనది. సదరు కారు అందులో పాలుపంచుకున్నది" అని రాసి ముద్ర కొట్టిచ్చాడు. బీమా ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివి మాస్టారిని అభినందించాడు. సమృద్ధికి నష్టపరిహారం ఇచ్చే పద్ధతి మాత్రం ఇంకా రాలేదని చెప్పాడు.

ఆ సాయంత్రమే వార్డు నాయకుడు బురద ఎండని కూడలిలో సభ పెట్టి ఉపన్యసించాడు. "గుక్కెడు నీళ్ల కోసం మైళ్ల కొద్దీ నడిచే జనం ఉన్న ఈ లోకంలో, ప్రజల మంచాల దగ్గరికే నీళ్లు చేర్చిన ఘనత మనది!" అన్నాడు. మంచాలు పోయినవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

మాస్టారు వదల్లేదు. చెప్పులరిగేలా పదకొండు రోజులు తిరిగాడు. చివరికి ఇంజనీరే విసిగిపోయాడు. "మీ వీధిలో పదిమంది ఇంటివాళ్లు వరద వచ్చిందని సంతకం పెడితే రాసేస్తాను, పొండి!" అన్నాడు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. వీధిలో ముప్ఫై ఇళ్లు. అందరూ పీకల్దాకా మునిగినవాళ్లే.

ఆదివారం పొద్దున ఇంజనీరు "వచ్చింది" అని ఒకటి, "రాలేదు" అని ఒకటి, రెండు కాగితాలతో దిగాడు. మొదటి ఇల్లు రిటైరైన గుమాస్తాగారిది. ఆయన ఫ్రిజ్ ఇంకా కాలవలోనే ఉంది. కానీ ఇల్లు బేరానికి పెట్టాడు.

"నీళ్లా? ఏ నీళ్లు?" అన్నాడు.

"మరి గోడ మీద ఆ బురద గీత?"

"అది బోర్డరండీ. ఇప్పుడిదే ఫ్యాషను."

పక్కింటి కుట్టుమిషను పిన్నిగారు ఇంటి మీద లోను అడుగుతోంది. ఆరేసిన పరుపులు చూపిస్తూ, "ఉతికానయ్యా, ఎప్పట్నుంచో అనుకుంటున్నాను" అంది. నీళ్లొచ్చిన రోజు మాస్టారి వీపు మీద మేడెక్కిన తాతగారైతే, "సరదాకి ఎక్కానయ్యా" అని తేల్చేశాడు. "రాలేదు" కాగితం మీద ఇరవై తొమ్మిది సంతకాలు పడ్డాయి.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. "సిగ్గుండాలి! నా నోటికాడి కూడు లాగేస్తున్నారు కదయ్యా!" అని వీధంతా వినబడేలా అరిచాడు. ఏడుపొక్కటే తక్కువ.

ఇంజనీరు మనసు కరిగింది. "మీరొక్కరే పెట్టినా సరే మాస్టారూ, పైకి పంపుతాను. ఆ మాట రాస్తాను, ఒట్టు" అంటూ "వచ్చింది" కాగితం చాపాడు. మాస్టారు పెన్ను అందుకున్నాడు.

అప్పుడే గేటు దగ్గర ఒక జంట ఆగింది. కారు ఆగిపోయాక మాస్టారి భార్య పైవాటాకి అద్దె బోర్డు పెట్టింది మరి.

"ఇల్లు చూడ్డానికొచ్చామండీ. ఇక్కడ వరదేమైనా వస్తుందా?"

లోపల్నుంచి భార్య దగ్గింది. మాస్టారు కారు వైపు చూశాడు, జంట వైపు చూశాడు.

"వరదా? ఈ వీధిలోనా? ఇరవై ఏళ్లుగా ఉంటున్నాం, ఆ మాటే వినలేదండీ" అంటూ "రాలేదు" కాగితం మీద ముప్ఫయ్యో సంతకం గీకేశాడు.

"మరి ఆ కారు?"

"ఇప్పుడే కడిగాం. మేం లోపల కూడా కడుగుతాం."

వచ్చిన భార్యాభర్తలు మొహాలు చూసుకుని నవ్వుకున్నారు.

"మా పాత ఇంట్లో కొత్తగా దిగేవాళ్లకి మేమూ ఇదే చెప్పొచ్చామండీ" అన్నాడు భర్త. "అయినా మేముండేది పైవాటాలో కదా, మాకేంటి!"