రెండు పాయింట్ల గాలికై మహాసంగ్రామము

అవధరింపుడు, సహృదయులారా! ఓపిక గలవారికిది వీరగాథ, లేనివారికి గాలికబురు.

అది ఆదివారప్రభాతము. సహస్రకిరణుండు ఎదురింటి నీళ్లట్యాంకు వెనుకనుండి నిద్రకళ్లతో తొంగిచూచుచుండగా, వీథిలోని కుక్కలింకను ప్రథమగర్జన గావింపకుండగా, ఒక గ్యారేజి షట్టరు కర్ణకఠోరారావముతో పైకి లేచెను. లోపల రెండే సీట్ల ఎర్ర స్పోర్ట్సు కారు నేలకు పొట్టయానించి పవ్వళించి యుండెను. దాని యెదుట చిల్లుల బనియను కవచముగా, గాలి కొలుచు గేజి గదాదండముగా ధరించి నిలిచినవాడు సామాన్యుడా? సహస్రదంతోత్పాటనధురంధరుడు, పిప్పిపన్నుల పాలిటి కాలయముడు, ఊరందరి నోళ్లు తెరిపించిన దంతవైద్యుడు!

ఆ మహావీరునికి గత ఆదివారమే ఆపద మూడెను. మలుపులో కారు వెనుకభాగము ఊగిపోయి, పక్కసీటులోని ధర్మపత్ని చేతికాఫీ ఆమె కొత్తబట్టలకు అభిషేకమయ్యెను. లెక్కల టీచరమ్మయగు నా సాధ్వి అక్కడికక్కడే భీషణప్రతిజ్ఞ చేసెను.

“ఇదిగో చెప్తున్నా, వినండి. వచ్చే ఆదివారం ఒక్క చుక్క ఒలికినా ఈ కారు అమ్మేయాల్సిందే. తమ్ముడు కొనేవాణ్ణి కూడా చూసిపెట్టాడు.”

బావమరిది బ్రతుకగోరునందురు. ఈ బావమరిదియు బావ బ్రతుకును గోరెను గాని కారు బ్రతుకును గోరలేదు.

నాటినుండి వారమంతయు ఘోరసమరము. మిట్టమధ్యాహ్నము ఊరంతయు తిరిగివచ్చి, టైర్లు కాగియుండగా కొలిచి, గేజి ముల్లు పైకెక్కుట చూచి, ఎక్కువైనదని గాలి వదలివేయుట మొదటి పరాజయము; మరునాటికి చల్లబడిన టైర్లు ఉసూరుమని చతికిలబడెను. ఆ కోపమున పట్టినంత గాలి పట్టించుట రెండవ పరాజయము. గులకరాయి తగిలినను కారు గజమెత్తు ఎగిరెను. అంతట నా ధీమంతుడు బుద్ధి తెచ్చుకొని, చల్లని టైర్లనే కొలుచుచు, పక్కసీటులో భార్యకు మారుగా ఇసుకసంచులు కూర్చుండబెట్టి, గ్లాసెడు నీళ్లతో పరీక్షించి పరీక్షించి, వెనుకటైర్లకు ముప్పది పాయింట్ల గాలి సరియని శనివారము తేల్చెను. చుక్క ఒలుకలేదు! ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రించెను.

ఇక నీనాడు గేజి పైకెత్తి సింహనాదము గావించెను: “ఓ చక్రచతుష్టయమా! ఓ వాయుగర్భ వర్తులవీరులారా! నా పరువు, నా ప్రతిష్ఠ, నా ఆదివారములన్నియు నేడు మీ రబ్బరుభుజములపై నున్నవి. నన్ను బస్సు పాలు చేయకుడు!”

“ఎవరితో బావా మాట్లాడుతున్నావు?” అని గేటుకడ బిస్కట్టు కొరుకుచున్న బావమరిది అడిగెను.

అంతలో టీచరమ్మ గ్లాసుతో వెడలివచ్చెను. “కాఫీకి ముందు నీళ్లతో ఒకసారి చూద్దాం. పెద్ద పరీక్షకి ముందు పిల్లలకైనా చిన్న పరీక్ష పెడతాం కదా,” అని కారెక్కెను.

ఏమని వర్ణింతును! వీథి చివరి మలుపులోనే కారు వెనుకభాగము మరల ఊగెను. నీళ్లు ఆమె మణికట్టును తడిపెను. తిరిగివచ్చి దిగిన వీరుని ముఖము పీకిన పన్నువలె వెలవెలబోయెను.

“కొనేవాడికి ఫోన్ చేసేయనా అక్కా?” అనెను తమ్ముడు.

“ఆగరా. ఏమండీ, ఈ మూలన ఇసుక సంచులేంటి?”

“నువ్వే.”

“నేనా?”

“నీ బదులు. నీ బరువుకి సరిగ్గా తూచి పెట్టాను.”

“ఎంత తూచారేం?”

“ఎప్పుడూ చెప్తావుగా, యాభై రెండు కిలోలని.”

టీచరమ్మ తడిసిన మణికట్టును తుడుచుకొనసాగెను.

“అక్కా, అది నీ పెళ్లినాటి లెక్క కదే!” అని తమ్ముడు బిస్కట్టు పొలమారునట్లు నవ్వెను.

“నువ్వు నోర్ముయ్!”

అంకెలలో తప్పు జరుగనీయని ఆ గణితసరస్వతి ఈ ఒక్క అంకెను మాత్రము ఏండ్ల తరబడి మార్చక కాపాడుకొనుచుండెను. మౌనము వహించినచో అంకె దక్కును, కారు పోవును. నిజము పలికినచో కారు దక్కును, తమ్ముని ముందు పరువు పోవును. ఆమె భర్త వంక చూచెను. ఆయన కారు బానెట్టును జ్వరము వచ్చిన బిడ్డ నుదుటివలె నిమురుచుండెను. ఆమెకు జాలి కలిగెను; జాలి వెనుకనే ప్రేమయు కలిగెను.

“ఇలా రండి,” అని పిలిచి, ఆయన చెవిలో ఒక అంకె చెప్పెను.

అప్పుడుగదా వీరుని వీరత్వము బయటపడుట! కనుబొమ్మ ఎగురలేదు, పెదవి వంగలేదు. ఊరందరి నోళ్లు తెరిపించినవాడు తన నోరు మూసికొని, టైర్లింకను చల్లగానే యుండుటచే, కాలిపంపు తీసి, చెమటలు ధారలుగట్టుచుండ వెనుకటైర్లకు చెరి రెండు పాయింట్లు ఎక్కించెను.

ఈసారి కాఫీయే. అదే మలుపు. కాఫీ కప్పు అంచువరకు పొంగి, లోకమునొకపరి తిలకించి, బుద్ధిగా లోనికి దిగెను. టీచరమ్మ తాపీగా ఒక గుక్క త్రాగెను.

“పంచదార తక్కువైంది. కారు బాగుంది,” అనెను.

ఇంటికి రాగానే బావమరిది పరుగున వచ్చెను. “బావా, నాకొక్కడికే చెప్పు, ఎంత?”

“ముప్ఫై రెండు.”

“అక్క బరువు అడుగుతున్నా!”

“నేను గాలి చెప్తున్నా.”

ఈ విధంబున దంతవైద్యుడు చెరి రెండు పాయింట్ల గాలితో దిగ్విజయమొంది, కారును, కాఫీని, కాపురమును ఏకకాలమున నిలబెట్టుకొనెను. ఆ అంకె యేదియని మీరు నన్నడుగకుడు. నాకు తెలియును, కాని నాకును పళ్లున్నవి, నొప్పి వచ్చినచో ఆయన కుర్చీలోనే నోరు తెరువవలెను.